ఉద్యోగం నుంచి వెనక్కి నడిచి ఎంబీఏ కాలేజీ వెతకడం: నా అనుభవం

డిగ్రీ చేతికి రాగానే మన నెల్లూరు, ఒంగోలు వైపు అందరూ అడిగేది "సీటు యాడొచ్చింది అబ్బయ్యా?" అని. ఏ పని చేద్దామనుకుంటున్నావని అడిగేవాళ్లు తక్కువ. ఎంబీఏ దగ్గర ఈ వరసే ముంచుతుంది. ఇంజనీరింగ్‌లో బ్రాంచి పేరే సగం ఉద్యోగం చెప్పేస్తుంది. ఎంబీఏ పట్టా మీద అలాంటిదేమీ రాసి ఉండదు. ఆ కాలేజీకి ఏ కంపెనీలు ఏ పనికి మనుషుల్ని తీసుకోవడానికి వస్తాయన్నదే దాని విలువ. అందుకని నేను ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచాను. బీకాం తరవాత రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంట్స్ చూస్తూ, ఎగుమతుల మార్కెటింగ్‌లోకి మారాలన్నది నా ఉద్దేశం. కింది ఉదాహరణలు ఎక్కువగా ఆ రంగంవే. వరస మాత్రం బ్యాంకు వైపు వెళ్లేవాళ్లకూ, హెచ్‌ఆర్ వైపు వెళ్లేవాళ్లకూ అదే.

పనిని ముందు ఒక్క వాక్యంలో రాయాలి

"పెద్ద కంపెనీలో మేనేజర్" అని రాసుకుంటే దాన్ని పట్టుకుని ఒక్క కాలేజీని కూడా కొట్టేయలేం. వాక్యంలో మూడు ఉండాలి: చేసే పని, రంగం, ఉండగలిగే ఊళ్లు. నాది ఇలా ఉంది: "సీఫుడ్ లేదా ఆహార ఎగుమతి కంపెనీలో విదేశీ కొనుగోలుదార్లతో ధర మాట్లాడి ఆర్డర్లు తేవడం, చెన్నై, విశాఖ, కొచ్చి."

ఈ వాక్యానికి సరిపోయే ఉద్యోగ ప్రకటనలు నౌకరీ, లింక్డ్‌ఇన్‌లలో ఓ ఇరవై ఏరాలి. ఫ్రెషర్ల ప్రకటనలు వద్దు. అవన్నీ "మేనేజ్‌మెంట్ ట్రైనీ" అనే ఒకే మూసలో ఉంటాయి, వాటిలోంచి ఏమీ తెలియదు. రెండు నుంచి ఐదేళ్ల అనుభవం అడిగేవి తీసుకుని, ఏ చదువు అడిగారు, ఏ నేర్పు అడిగారు, ముందు ఏ పని చేసి ఉండాలన్నారు అని మూడు గళ్లలో రాస్తే బొమ్మ తేలుతుంది. ఎగుమతుల డాక్యుమెంటేషన్ ఉద్యోగాల్లో చాలావాటికి ఎంబీఏ అడగనే లేదు. ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందనే రసీదు), షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), ఇంకోటెర్మ్స్ (రవాణా ఖర్చు, బాధ్యత ఎవరివో చెప్పే అంతర్జాతీయ షరతులు) తెలిసి ఉంటే చాలన్నారు. కొనుగోలుదార్లతో మాట్లాడే ఉద్యోగాల దగ్గరే ఎంబీఏ మాట వచ్చింది.

ఈ గళ్లు నింపాక కొందరికి ఎంబీఏయే వద్దని తేలుతుంది. అదీ లాభమే. ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీఓ పరీక్షకు ఏదో ఒక డిగ్రీ చాలు. జీఎస్టీ, ఆడిట్ ప్రాక్టీసు పెట్టాలంటే సీఏ, సీఎంఏ దారి. చీమకుర్తిలో సొంత గ్రానైట్ క్వారీ చూసుకోవాల్సిన కుర్రాడికి ప్లేస్‌మెంట్లతో పనేముంది? అలాంటివాళ్లకు హైదరాబాద్ ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)లోనూ ముంబై ఎస్పీ జైన్‌లోనూ కుటుంబ వ్యాపారాల కోసమే కోర్సులున్నాయి. నెలలో కొన్ని రోజులే క్లాసులు, మిగతా రోజులు వ్యాపారంలోనే ఉండొచ్చు.

ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎక్కడ చదివారు

అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది ఈ మెట్టే. లింక్డ్‌ఇన్‌లో ఏ కాలేజీ పేజీ తెరిచినా "అలమ్నై" (పూర్వ విద్యార్థులు) అనే విభాగం ఉంటుంది. అందులో చదివిన ఏళ్లు వేసి వడపోయొచ్చు. మూడు నుంచి ఆరేళ్ల కిందట బయటికొచ్చిన బ్యాచులు చూడాలి. నిరుడు బయటికొచ్చినవాళ్లు ఇంకా మొదటి ఉద్యోగంలోనే ఉంటారు, పదిహేనేళ్ల కిందటివాళ్ల కాలేజీ వేరు, ఇప్పటి కాలేజీ వేరు. ఏ కంపెనీల్లో ఉన్నారు, ఏ పనిలో ఉన్నారు, ఏ ఊళ్లో ఉన్నారు అనే మూడు పట్టీలూ అక్కడే కనబడతాయి. ఎక్కువమంది బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో ఉండి, ఆహారం, ఎఫ్‌ఎంసీజీ (రోజువారీ వాడకం సరుకులు), షిప్పింగ్‌లో ఇద్దరు ముగ్గురే ఉంటే ఆ కాలేజీ ఎంత పేరున్నదైనా నా వాక్యానికి సరిపోదు.

ఇక్కడ ఒక మోసపు లెక్క ఉంది. పేరున్న సంస్థలు చాలావరకు ఆరునెలల, ఏడాది ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులు నడుపుతాయి. అవి చేసినవాళ్లు కూడా తమ ప్రొఫైల్లో ఆ సంస్థ పేరే రాసుకుంటారు, అలమ్నై లెక్కలో వాళ్లూ కలిసిపోతారు. అప్పటికే పదేళ్లుగా ఉద్యోగంలో ఉన్నవాళ్లను ఆ కాలేజీయే తయారు చేసినట్టు కనబడుతుంది. ఒక్కో ప్రొఫైలు తెరిచి "ఎంబీఏ" లేదా "పీజీడీఎం, రెండేళ్లు" (ఎంబీఏ లాంటిదే, పట్టాకు బదులు డిప్లొమా ఇస్తారు) అని ఉన్నవాళ్లనే లెక్కపెట్టాలి. వాళ్లలో బీకాం, బీఎస్సీ నుంచి వచ్చినవాళ్లు ఎందరో విడిగా రాయాలి. కొన్ని చోట్ల మంచి ఉద్యోగాలన్నీ బీటెక్ చేసి రెండేళ్లు పనిచేసినవాళ్లకే పోతాయి. బీకాం చదివినవాళ్లకు ఆ సగటు వర్తించదు.

ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు సందేశం పంపేటప్పుడు "కాలేజీ ఎలా ఉంది అన్నా?" అంటే "బాగుంది" అనే వస్తుంది. "ఎగుమతుల వైపు మీ బ్యాచులో ఎంతమంది వెళ్లారు? ఆ కంపెనీ క్యాంపస్‌కు వచ్చిందా, మీరే వెతుక్కున్నారా?" అని అడిగితే జవాబు పనికొచ్చేలా వస్తుంది.

ఏ తలుపు ఏ పరీక్షతో తెరుచుకుంటుంది

మనకు దగ్గరి తలుపు ఏపీ ఐసెట్, రాష్ట్రంలోని ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు పెట్టే ప్రవేశ పరీక్ష. సాధారణంగా మే నెలలో ఉంటుంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు: అనలిటికల్ 75, కమ్యూనికేషన్ 70, గణితం 55. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలకూడదు. 50 మార్కులొస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస నిబంధన లేదు. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45 శాతం ఉండాలి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో (ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), 30 శాతం యాజమాన్య కోటాలో నిండుతాయి.

ఐసెట్‌లో చాలామంది పట్టించుకోని విషయం లోకల్ ఏరియా. నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ పరిధి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. 85 శాతం సీట్లు ఆ పరిధిలో చదివినవాళ్లవే. నెల్లూరులో చదివిన పిల్ల విశాఖలో సీటు కోరితే మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. అదే ర్యాంకున్న ఒంగోలు పిల్లకు అక్కడ దారి చాలా సులువు. ఇంకో తేడా ఉంది. ఇంజనీరింగ్ క్యాంపస్‌లలో నడిచే ఎంబీఏలు నెల్లూరు వైపు అనంతపురం జేఎన్‌టీయూ కిందికి, ప్రకాశం వైపు కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వస్తాయి. ఇవి కాక కాకుటూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి యూనివర్సిటీ, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఉన్నాయి. ఫీజు తక్కువ, ఇంటి దగ్గరే, కృష్ణపట్నం పోర్టు వైపు ఇంటర్న్‌షిప్ మనమే వెతుక్కోగలిగితే కాకుటూరు క్యాంపస్ తీసిపారేయాల్సింది కాదు. కానీ కంపెనీలు నడుచుకుంటూ వచ్చి ఉద్యోగమిస్తాయన్న ఆశ పెట్టుకోకూడదు.

వెబ్ ఆప్షన్ల దగ్గర ఒక్క మాట. మన ర్యాంకుకు పై నుంచి మొదట ఏది దొరికితే అదే ఇస్తారు, కాబట్టి "ఇది ఎలాగూ రాదులే" అని ఇష్టమైనదాన్ని కిందికి నెట్టకూడదు. సర్టిఫికెట్ల పరిశీలనకు మెమోలు, టీసీతో పాటు గత ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఏడాదిదే ఉండాలి. సీటొచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి కాలేజీలోనూ హాజరు కాకపోతే సీటు పోతుంది.

రెండో తలుపు క్యాట్, ఐఐఎంలు (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లు) దేశమంతటా పెట్టే పరీక్ష. నవంబరు చివర్లో ఉంటుంది, ఫారాలు ఆగస్టులోనే మొదలవుతాయి. 2025లో ఫీజు రూ.2,600, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు రూ.1,300. రెండు గంటల పరీక్ష, మూడు విభాగాలు, ఒక్కోటి 40 నిమిషాలు. సరైన జవాబుకు 3, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే మైనస్ 1. ఆ ఫీజు ఐఐఎంలకే సరిపోతుంది. క్యాట్ స్కోరు తీసుకునే మిగతా కాలేజీలకు విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు, అది కూడా చాలాచోట్ల పరీక్ష ఫలితం రాకముందే. స్కోరు వచ్చాక చూద్దామనుకుంటే సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి. ప్రతి ఐఐఎం తన అడ్మిషన్ పాలసీలో పది, ఇంటర్, డిగ్రీ మార్కులకు, అనుభవానికి ఎంత బరువు ఇస్తుందో రాస్తుంది. పదో తరగతి మార్కులు ఇప్పుడు మారవు. ఆ లెక్క ముందే వేసుకుంటే మనకు 99 పర్సంటైల్ (అంటే నూటికి 99 మంది కంటే పైన) వచ్చినా పిలవని చోటేదో, 92కే పిలిచే చోటేదో తెలుస్తుంది.

జనవరి మొదట్లో ఎక్స్‌ఏటీ, ఎన్‌టీఏ పెట్టే సీమ్యాట్, ఏఐఎంఏ పెట్టే మ్యాట్ ఉన్నాయి. మన జాబితాలో ఆ స్కోరు తీసుకునే కాలేజీ లేకపోతే వాటికి డబ్బు తగలేయనక్కర్లేదు. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు జీమ్యాట్ లేదా జీఆర్‌ఈతో పాటు కనీసం రెండేళ్ల అనుభవం కావాలి.

పని తెలిస్తే పరీక్షల జాబితా దానంతట అదే కుదించుకుపోతుంది. ఎగుమతులంటే ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్). దానికి కాకినాడలో క్యాంపస్ కూడా ఉంది, ఎంబీఏకు ఇప్పుడు క్యాట్ స్కోరే తీసుకుంటోంది. సప్లై చెయిన్, ఆపరేషన్స్ అంటే 2023 దాకా నైటీ అని పిలిచిన ఐఐఎం ముంబై. హెచ్‌ఆర్ అంటే ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ చేసినవాళ్లకు హైదరాబాద్‌లో "మేనేజ్" అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థలో అగ్రిబిజినెస్ పీజీడీఎం చక్కగా సరిపోతుంది, బీకాం వాళ్లకు మాత్రం ఆ తలుపు లేదు. సహకార సంఘాలు, గ్రామీణ రంగం అంటే 1979లో పుట్టిన ఆనంద్‌లోని ఇర్మా. తక్కువ ఫీజుకు జనరల్ ఎంబీఏ కావాలంటే క్యాట్‌తో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. 2015లో మొదలైన విశాఖ ఐఐఎం ఉండనే ఉంది.

ఎంబీఏనా పీజీడీఎంనా అన్న గొడవ ప్రైవేటు ఉద్యోగాల్లో లేదు. ఐఐఎంలు కూడా 2017 చట్టం వచ్చేదాకా డిప్లొమాలే ఇచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగం, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఆ పీజీడీఎంకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఆమోదం, ఏఐయూ (యూనివర్సిటీల సంఘం) ఇచ్చే ఎంబీఏతో సమానత్వం రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. నాణ్యత చూసి ఇచ్చే వాటిలో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకు ఇచ్చేది. "మాది ఎన్‌బీఏ కాలేజీ" అన్న బోర్డు బీటెక్ బ్రాంచీల గురించి కావచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్లో ఎంబీఏ పేరు విడిగా ఉందో లేదో వెతకాలి.

ప్లేస్‌మెంట్ శాతం ఎలా తయారవుతుంది

ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం కాలేజీలకు ఇచ్చే ర్యాంకింగు) ర్యాంకు కంటే దానికోసం కాలేజీ ఇచ్చిన పీడీఎఫ్ విలువైనది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొన్న ప్రతి సంస్థా దాన్ని తన వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో రెండేళ్ల పీజీ కింద మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, సకాలంలో పాసైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, పైచదువుకు వెళ్లినవాళ్లు, వచ్చిన జీతాల మీడియన్ (జీతాలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది) మూడేళ్లవి వరసగా ఉంటాయి. ఇంజనీరింగ్ కాలేజీ అయితే ఒక జాగ్రత్త: ఇంజనీరింగ్ విభాగానికి ఇచ్చిన పీడీఎఫ్ కాకుండా మేనేజ్‌మెంట్ విభాగానిది తెరవాలి.

లెక్క ఎలా ఉబ్బుతుందో ఒక ఊహా కాలేజీతో చూద్దాం. సీట్లు 120, చేరింది 104, పాసైంది 96, ఉద్యోగాలు 71. కాలేజీ హోర్డింగు మీద "95 శాతం ప్లేస్‌మెంట్లు" అని ఉంటుంది. అబద్ధం కాదు. 96 మందిలో ప్లేస్‌మెంట్‌కు "అర్హులై నమోదు చేసుకున్నవాళ్లు" 75 మంది, వాళ్లలో 71 మందికి వచ్చాయి. చేరిన 104 మందితో భాగిస్తే అది 68 శాతం. అడ్మిషన్ తీసుకునే మనం ఆ 104లో ఒకరం కాబట్టి మనకు 68యే అసలు అంకె.

సగటు జీతం కూడా అలాంటిదే. పదిమందిలో ఒకరికి 30 లక్షలు, తొమ్మిదిమందికి 4 లక్షలు వస్తే సగటు 6.6 లక్షలు, మీడియన్ 4 లక్షలు. హోర్డింగు మీద 30 ఉంటుంది, బ్రోచరులో 6.6 ఉంటుంది. 4 అన్నది పీడీఎఫ్‌లోనే దొరుకుతుంది. ఐఐఎం అహ్మదాబాద్ మొదలుపెట్టిన ఐపీఆర్‌ఎస్ అనే ప్లేస్‌మెంట్ నివేదికల పద్ధతిలో ఆడిట్ అయిన నివేదిక ఇచ్చే కాలేజీల దగ్గర ఈ తిప్పలు తక్కువ. పని వారీగా, రంగం వారీగా, కనిష్ఠం, మీడియన్, గరిష్ఠం విడివిడిగా ఉంటాయి.

జీతం ఎంతన్నది తెలిశాక కూడా ఏ పనికి అన్నది మిగిలి ఉంటుంది. "బిజినెస్ డెవలప్‌మెంట్ అసోసియేట్" అంటే చాలాసార్లు రోజంతా ఫోన్లో కోర్సులో, ఇళ్ల స్థలాలో అమ్మడం. "రిలేషన్‌షిప్ ఆఫీసర్" అంటే ఖాతాలు, బీమా టార్గెట్లు. అవి తప్పుడు పనులేమీ కావు, అమ్మకాలు ఇష్టపడేవాళ్లు అందులోంచే పైకొస్తారు. కానీ వాటికి డిగ్రీతోనే తీసుకుంటారు, రెండేళ్లూ ఫీజూ ఎందుకు?

కాలేజీకి వెళ్లినప్పుడు

సెలవు రోజు కాకుండా క్లాసులు జరిగే రోజు వెళ్లాలి. అడ్మిషన్ ఆఫీసులో చెప్పేది బ్రోచరులో ఉన్నదే. క్యాంటీనులో రెండో ఏడాది పిల్లల దగ్గర కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. నేను ప్రతిచోటా అడిగినవి మూడే. ఇంటర్న్‌షిప్ కాలేజీ ఇప్పించిందా, మీరే సర్టిఫికెట్ తెచ్చుకున్నారా? సిలబస్‌లో ఉన్న ఎలక్టివ్‌లలో నిరుడు నిజంగా నడిచినవి ఏవి? పాఠం చెప్పేవాళ్లు ఏడాదిలో ఎందరు మారారు? రెండోది ముఖ్యం. లాజిస్టిక్స్, ఇంటర్నేషనల్ మార్కెటింగ్ అని కాగితం మీద ఉంటుంది, పదిమంది కూడా ఎంచుకోకపోతే దాన్ని ఎత్తేసి అందరినీ ఫైనాన్స్, హెచ్‌ఆర్‌లో కూర్చోబెడతారు.

వేసవిలో నెల్లూరు, ఒంగోలు హోటళ్లలో బెంగళూరు, చెన్నై కాలేజీల "స్పాట్ అడ్మిషన్లు" పెట్టేవాళ్లకు సీటుకింత కమీషన్. వాళ్లు చెప్పే ఫీజులో హాస్టలు, బ్లేజరు, ల్యాప్‌టాపు, "ఇంటర్నేషనల్ టూరు" ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి. "రీయింబర్స్‌మెంట్ వస్తుంది, మీరేం కట్టక్కర్లేదు" అంటే ఆ విద్యా సంవత్సరపు ప్రభుత్వ ఉత్తర్వు చూపించమనాలి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు అది ఆపేసింది. ఆ మధ్యలో చిక్కుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

అప్పు లెక్క

ఇంటర్వ్యూల కంటే ముందు ఈ లెక్క వేయాలి. 20 లక్షల ఫీజు, 10 శాతం వడ్డీ, ఆరునెలలకో 5 లక్షలు విడుదల. చదువు రెండేళ్లు, ఆపైన ఆరు నెలలు వాయిదా లేకుండా ఉంటే సాధారణ వడ్డీ కిందే 3.5 లక్షలు పేరుకుంటుంది. అసలుతో కలిపి 23.5 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.31,000.

ఇప్పుడు 8 లక్షల సీటీసీ (కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు) చేతికి ఎంతవుతుందో చూడండి. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 1 లక్ష పక్కన పెట్టండి. కంపెనీ వాటా పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ ఓ 15 వేలు, బీమా ఓ 10 వేలు పోతే 6.53 లక్షలు. మన వాటా పీఎఫ్, వృత్తి పన్ను తీస్తే 6.29 లక్షలు. నెలకు సుమారు రూ.52,000. అందులో 31 వేలు వాయిదాకు పోతే ముంబైలో గది అద్దె కట్టి బతకడం కష్టం. నేను పెట్టుకున్న గీత ఇది: వాయిదా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు, జీతం అంటే ఆ కాలేజీ మీడియనే. ఈ గీతతో పేరున్న ప్రైవేటు కాలేజీలు కొన్ని జాబితాలోంచి ఎగిరిపోయాయి. ఇంట్లోవాళ్లకు అది నచ్చలేదు, అంకెలు చూపించాక ఒప్పుకున్నారు.

బ్యాంకుల దగ్గర కూడా ఒక పరీక్ష ఉంది. ఎస్‌బీఐ స్కాలర్ లోన్‌కు ఎంపిక చేసిన సంస్థల జాబితా ఉంటుంది. అప్పిచ్చేవాడు తిరిగి వస్తుందని నమ్మిన కాలేజీలు అవి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపికైన సంస్థలకు తాకట్టు, పూచీకత్తు అడగరు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. యాజమాన్య కోటా సీటుకు ఇది వర్తించదు.

తేదీలు ఢీకొనే చోట

చివరి చిక్కు ఫలితాల వరసలో ఉంటుంది. ప్రైవేటు పీజీడీఎం కాలేజీలు ఫిబ్రవరి, మార్చిలోనే సీటిచ్చి పది, పదిహేను రోజుల్లో లక్షో రెండు లక్షలో కట్టమంటాయి. ఐఐఎంల తుది జాబితాలు ఏప్రిల్, మే దాకా కదులుతూనే ఉంటాయి. ఐసెట్ ర్యాంకు మేలో వస్తే కౌన్సెలింగ్ ఆ తరవాతెప్పుడో. చేతిలో ఉన్నది వదలాలా, కట్టి కూర్చోవాలా అన్నప్పుడు నేను పేరు చూడలేదు. మొదట రాసిన వాక్యానికి ఏది దగ్గరో, గీత ఏది దాటదో చూసుకుని, రెండు షరతులూ తీరే సీటుకు మాత్రమే ముందుగా కట్టాను.

కట్టినా దారి మూసుకుపోదు. ఏఐసీటీఈ ఆమోదమున్న సంస్థలో కోర్సు మొదలయ్యేలోపు మానుకుంటే ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయల లోపు తీసుకుని మిగతాది వెనక్కి ఇవ్వాలి. అందుకు మానుకుంటున్నట్టు ఈమెయిల్‌లో తేదీతో పంపాలి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. డబ్బు రాకపోతే ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లో రసీదు, ఆ ఈమెయిల్ జతచేయాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇవ్వాల్సిందే, తమ దగ్గర ఉంచుకోకూడదు. "అందరూ ఇచ్చారు, మీకేంటి?" అంటే జిరాక్సులు అటెస్ట్ చేసి ఇచ్చి, ఒరిజినల్స్ సంచిలో పెట్టుకుని బయటికి రావచ్చు.